రోడ్డుకు అటు కార్పొరేషన్, ఇటు పంచాయతీ: ఇంటి చెత్త విషయంలో ఎవరి నియమం పాటించాలి?

బుగ్గవంక వాసి (ప్రశ్న)

కడప నగరంలో చాలాకాలం ఉన్న మేము, బదిలీ కారణంగా ఈ మధ్యనే అనంతపురం నగరాన్ని ఆనుకుని ఉన్న ఒక గ్రామ పంచాయతీలో అద్దె ఇంటికి మారాము. మా ఇంటి ముందున్న రోడ్డుకు అవతలి వరుస నగరపాలక సంస్థ కిందికి, మా వరుస పంచాయతీ కిందికి వస్తాయని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అవతలి వరుసకు రోజూ ఉదయం చెత్త ఆటో పాట వేసుకుంటూ వస్తుంది. మా వరుసకు ట్రాక్టరు వస్తుంది గానీ, అది ఏ రోజున వస్తుందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. వచ్చినప్పుడు కూడా తడి, పొడి అన్న తేడా లేకుండా అందరి చెత్తా ఒకే ట్రాలీలో పోయించుకుని వెళ్తారు. ఒకసారి అవతలి ఆటోను ఆపి మా బుట్టలు ఇవ్వబోతే, మా ఇల్లు తమ పరిధిలో లేదని సిబ్బంది మర్యాదగానే చెప్పి వెళ్లిపోయారు.

కడపలో మాకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇచ్చారు. వాటిలో వేరుగా వేయడం పిల్లలకు కూడా అలవాటైంది. కర్నూలులో మా అక్కవాళ్ల అపార్ట్‌మెంటులో చూస్తే కింద రెండే డ్రమ్ములు ఉన్నాయి, మూడో రకం సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. ఒకే జిల్లా కాకపోయినా ఒకే రాష్ట్రం, ఒకే చట్టం అయినప్పుడు ఊరికో పద్ధతి ఎందుకు ఉంటుందో తెలిసినవారు వివరిస్తే బాగుంటుంది. అన్నీ ఒకే ట్రాలీలో కలిసిపోయే చోట ఇంట్లో వేరు చేయడం వల్ల ప్రయోజనం ఉందా? మా ఇంట్లో పసిబిడ్డ ఉంది కాబట్టి డైపర్లు రోజూ పోగవుతాయి, మా అత్తగారు ఇన్సులిన్ వాడతారు కాబట్టి సూదులు కూడా ఉంటాయి. వీటిని ట్రాలీలో వేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

తుంగభద్ర తీరం

అయ్యా, మునిసిపల్ ప్రజారోగ్య విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి కొంత వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ఊరికో పద్ధతి ఉండడం ఎవరి నిర్లక్ష్యం వల్లనో మొదలైనది కాదు, మన రాజ్యాంగ ఏర్పాటులోనే దాని మూలం ఉంది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో ఘన వ్యర్థాల నిర్వహణను పేరు పెట్టి మరీ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించారు. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు ఆరోగ్యం, పారిశుద్ధ్యం అన్న విశాలమైన మాట మాత్రమే ఉంది. మన రాష్ట్రంలో కార్పొరేషన్లకు ఒక చట్టం, మునిసిపాలిటీలకు 1965 నాటి మరో చట్టం, పంచాయతీలకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఉన్నాయి. అందువల్ల మీ రోడ్డుకు అటు ఉన్న ఆటో ఒక సంస్థది, ఇటు ఉన్న ట్రాక్టరు ఇంకో సంస్థది. వాటి డీజిలు బిల్లు, డ్రైవరు జీతం, దించే చోటు అన్నీ వేర్వేరు ఖాతాల్లోవి. ఆ సిబ్బంది మీ బుట్టను కాదనడానికి అసలు కారణం ఇదే తప్ప మొండితనం కాదు.

అయితే ఇంట్లో వేరు చేయాలన్న బాధ్యత మాత్రం ఊరిని బట్టి మారదు. 2016 ఏప్రిల్ 8న కేంద్రం జారీ చేసిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంటి చెత్తను మూడు రకాలుగా, అంటే కుళ్లేది, కుళ్లనిది, ఇంటి ప్రమాదకర చెత్త అని వేరు చేయమన్నాయి. కడపలో మీకు ఇచ్చిన మూడు రంగుల బుట్టలు దాని ఫలితమే. ఆ నిబంధనలు పట్టణ సంస్థలకే కాక, నగరాలను ఆనుకుని పెరిగిన శివారు ప్రాంతాలకూ, జనగణన పట్టణాలకూ (జనాభా లెక్కల్లో పట్టణంగా చూపినా పాలనలో పంచాయతీగానే ఉన్న ఊళ్లకూ) వర్తిస్తాయని రెండో నిబంధనలోనే రాశారు. నగరానికి అతుక్కున్న చాలా పంచాయతీలు ఈ లెక్కలోకి వస్తాయన్న సంగతి ఆ పంచాయతీల్లో పనిచేసేవారికే చాలామందికి తెలియదు. ఇప్పుడు వాటి స్థానంలో 2026 నాటి కొత్త నిబంధనలు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం రకాలు నాలుగు: తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ చెత్త (డైపర్లు, ప్యాడ్ల వంటివి), ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త (బల్బులు, పాత మందులు, రంగు డబ్బాల వంటివి).

నిబంధన అక్కడితో ఆగుతుంది. మీ ఇంటికి బుట్ట ఇవ్వాలా వద్దా, వాహనం రోజూ రావాలా, ఎంత జరిమానా వేయాలి, ఏ వాహనానికి ఎన్ని అరలు ఉండాలి అన్న విషయాలను స్థానిక సంస్థలు తమ ఉపవిధుల్లో (సొంతంగా చేసుకునే నియమాల్లో) తేల్చుకోవాలి. ఎవరి డబ్బును బట్టి వారు తేల్చుకుంటారు, తేడాలన్నీ అక్కడే మొదలవుతాయి. పట్టణాలకు 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద బుట్టలు, ఆటోలు వచ్చాయి. దానితోపాటు నెలనెలా చెత్త పన్ను కూడా వచ్చింది, దాని మీద జరిగిన గొడవలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ పన్నును రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు. కాబట్టి చెత్త పన్ను పేరుతో ఎవరైనా ఇప్పుడు డబ్బు అడిగితే రశీదు చూపమనండి.

పంచాయతీల సంగతి వేరు. వాటికి తోపుడు రిక్షాలు, ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించే హరిత రాయబారులు, ఊరి చివర చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం అన్న షెడ్డు ఇచ్చారు. కొన్ని ఊళ్లలో ఆ షెడ్లలో వానపాముల ఎరువు చక్కగా తయారవుతోంది, కొన్ని ఊళ్లలో వాటికి తాళం పడి ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ సంస్థలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు చేయాలని షరతు పెట్టింది. అంటే డబ్బు అసలే లేదన్న సమాధానాన్ని మీరు పూర్తిగా ఒప్పుకోనవసరం లేదు. అయితే ఊరి కోసం వేసిన ఆ లెక్కలు మీ పంచాయతీ లాంటి చోట సరిపోవడం కష్టం. అక్కడ ఇళ్లు నగరంలో మాదిరిగా పెరుగుతాయి, సిబ్బంది సంఖ్య మాత్రం పాత ఊరి లెక్కలోనే ఉంటుంది.

పెన్న ఒడ్డు

తుంగభద్ర తీరం గారు చట్టం సంగతి చెప్పారు కాబట్టి నేను వంటింటి సంగతి చెబుతాను. మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా ఇంట్లో తడి చెత్త ఏనాడూ వాకిలి దాటి బయటికి పోలేదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి పోతాయి. బర్రెలు తినని ఉల్లిపొట్టు, టీపొడి, పూజ పూలు దిబ్బలోకి పోతాయి. బూజు పట్టిన వేరుశనగ కాయలను మాత్రం బర్రెలకు వేయవద్దు, అందులోని విషం పాలలోకి కూడా దిగుతుంది.

మీకు బర్రెలు ఉండవు కాబట్టి, అమ్మా (అమ్మో, అన్నో నాకు తెలియదు, ఏమీ అనుకోవద్దు), రెండు పెద్ద మట్టి కుండలు తీసుకుని వాటికి పక్కన నాలుగు రంధ్రాలు పెట్టించండి. తడి చెత్త ఒక వరుస వేసినప్పుడల్లా దాని మీద పొడిగా ఉండేది ఒక వరుస వేయాలి. పట్నం వాళ్లు దీనికి కొబ్బరి పొట్టు కొంటారు గానీ, అనంతపురంలో నూనె మిల్లుల దగ్గర వేరుశనగ పొట్టు దొరుకుతుంటే అంత ఖర్చు ఎందుకో నాకు అర్థం కాదు. పొట్టు సరిగ్గా వేస్తే వాసన రాదు, పురుగులు పట్టవు. మన ప్రాంతంలో వచ్చే చిక్కు వాసన కాదు, ఎండ. మార్చి నుంచి జూన్ వరకు కుండలోనిది ఎండిపోయి కుళ్లడమే ఆగిపోతుంది, ఆ పైన చీమలు చేరతాయి. అందుకని కుండను నీడలో పెట్టి, చేత్తో పిండితే తడి తగిలేటట్లు, నీళ్లు కారకుండా ఉండేటట్లు చిలకరిస్తూ ఉండాలి. మాంసం, ఎముకలు, నూనె వంటకాలు అందులో వేయవద్దు, కుక్కలు, ఎలుకలు మరుగుతాయి. ఒక కుండ నిండాక దాన్ని కదపకుండా వదిలి రెండోది మొదలుపెడితే, రెండోది నిండేలోగా మొదటిది మట్టి రంగులోకి తిరుగుతుంది.

ఇలా చేస్తే ట్రాక్టరు ఎప్పుడొస్తుందన్న బెంగ సగానికి పైగా తగ్గుతుంది. ఎందుకంటే ఇంట్లో కంపు కొట్టేది తడి చెత్తే. పొడి చెత్త గోనెసంచిలో ఎన్ని రోజులున్నా ఎవరికీ అడ్డు కాదు.

గుత్తి రోడ్డు

అందరూ బాగానే చెబుతున్నారు గానీ, మా వీధిలో జనం కష్టపడి వేరు చేసి ఇచ్చిన దాన్ని కూడా మా కళ్ల ముందే కలిపేస్తున్నారు. అలాంటప్పుడు ఇంట్లో వేరు చేయడం మన తృప్తి కోసమే తప్ప మరొకందుకు కాదని నా అభిప్రాయం. ముందు వాళ్లను మారమనండి, తరువాత మేము మారతాం.

గుజరీ అంగడి

గుత్తి రోడ్డు గారూ, మీ కోపం న్యాయమైనదే గానీ, మీరు వేరు చేసినదంతా వాళ్లకే ఇవ్వాలని ఎవరన్నారు? కడపలో మా కుటుంబానికి గుజరీ అంగడి ఉంది, చిన్నప్పటి నుంచి ఆ తూకాల మధ్యనే పెరిగాను. ఇంటి పొడి చెత్తలో విలువ ఉన్నదంతా మునిసిపాలిటీ బండి దాకా పోనవసరం లేదు. ఏది అమ్ముడుపోతుందో, ఏది పోదో తెలిస్తే చాలు.

అట్టపెట్టెలు, పేపర్లు, నోటు పుస్తకాలు ఎప్పుడూ తీసుకుంటాం, కానీ అవి తడిసినా, వాటికి కూర అంటినా పనికిరావు. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు తీసుకుంటాం. షాంపూ డబ్బాలు, బకెట్లు, మగ్గులు విడిగా పెడితే వాటికి ఇంకొంచెం మంచి ధర వస్తుంది. సీసా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 1 ఉంటే నీళ్ల సీసా రకం, 2 ఉంటే షాంపూ డబ్బా రకం, 5 ఉంటే గట్టి డబ్బాల రకం, ఈ మూడూ పోతాయి. పాల ప్యాకెట్లు చాలామంది పారేస్తారు గానీ, కడిగి ఆరబెట్టి కట్ట కడితే వాటినీ తీసుకునేవాళ్లు ఉన్నారు. ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంచకుండా దానికే అంటి ఉండేటట్లు కత్తిరించండి. ఆ చిన్న ముక్కలు ఎవరికీ దొరకవు, చివరికి కాలువలో తేలతాయి. ఇనుము, స్టీలు, అల్యూమినియం, రాగి సంగతి చెప్పనక్కర లేదు, మీరు బయట పెట్టేలోపే ఎవరో ఒకరు అడుగుతారు.

చిప్సు, బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం మా అంగడికి తేవద్దు. వాటిలో ప్లాస్టిక్ పొర మీద లోహం పూత కలిసి ఉంటుంది, కరిగించి మళ్లీ వాడుకునే వీలు లేదు. థర్మాకోల్, పగిలిన గాజు, జ్యూస్ అట్ట డబ్బాలు కూడా అంతే. వీటిలో గాజు తప్ప, మండేవి పోవాల్సిన చోటు మన ప్రాంతంలోనే ఉంది. యర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. బొగ్గుకు తోడుగా ఇలాంటి చెత్తను ఇంధనంగా వేయవచ్చు. చెత్త నుంచి ఇంధనం తయారుచేసే కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్నే వాడాలని 2016 నిబంధనల్లోనే ఉంది, కొత్త నిబంధనలు దాన్ని ఆరేళ్లలో 15 శాతానికి పెంచమంటున్నాయి. కానీ బట్టీకి కావలసింది ఎండిన ప్లాస్టిక్, సాంబారు కలిసిన ప్లాస్టిక్ కాదు. చెత్త తడిసి ఉంటే మండేకంటే ముందు నీళ్లు ఆవిరి కావడానికే వేడి ఖర్చవుతుంది. కాబట్టి వేరు చేయడం తృప్తి కోసం మాత్రమే అన్న మాట నేను ఒప్పుకోను. ఆ ట్రాలీలో పడే వంద సంచుల్లో మీది ఒక్కటి పొడిగా, ముడి వేసి ఉన్నా, దాన్ని ఏరేవాళ్లు మీదే ముందు ఏరతారు.

కడప పాతబస్టాండు

చిన్న విషయం చెబుతాను. మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ కూడా ఒక కౌన్సిల్ నుంచి పక్క కౌన్సిల్‌కు ఇల్లు మారితే డబ్బాల రంగులు, రోజులు, ఏది ఎందులో వేయాలన్న జాబితా అన్నీ మారిపోతాయట. ఆ గందరగోళం పోగొట్టడానికే ఆహార చెత్తను ప్రతి ఇంటి నుంచి వారం వారం విడిగా తీసుకోవాలని, దేశమంతటా ఒకే రకమైన పట్టిక ఉండాలని అక్కడి ప్రభుత్వం 2026 మార్చి 31ని గడువుగా పెట్టింది. పరిస్థితి మన దగ్గరే ఇలా ఉందని మరీ నొచ్చుకోనవసరం లేదని చెప్పడానికే ఇది రాశాను. మన దగ్గర తేడా రంగుల్లో కాదు, బండి వస్తుందా రాదా అన్న దానిలోనే ఉంది కదా అని మీరు అంటే మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

బుగ్గవంక వాసి

అందరికీ ధన్యవాదాలు. కుండల సంగతి, గుజరీ అంగడి సంగతి వెంటనే మొదలుపెడతాము. (పెన్న ఒడ్డు గారూ, నన్ను అన్నా అనవచ్చు.) డైపర్లు, సూదుల సంగతి ఇంకా తేలలేదు. మా వీధిలో కొందరు వాటిని ఖాళీ స్థలంలో తగలబెడుతున్నారు, మమ్మల్నీ అలాగే చేయమంటున్నారు. ట్రాక్టరు విషయంలో ఎవరిని అడగాలో కూడా దయచేసి చెప్పండి.

తుంగభద్ర తీరం

తగలబెట్టడం మాత్రం వద్దు. బహిరంగంగా చెత్త కాల్చితే మామూలుగా 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. జరిమానా సంగతి అటుంచినా, డైపరులో ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి ఆ పొగను మొదట పీల్చేది మీ బిడ్డే. డైపర్లలోని మలాన్ని మరుగుదొడ్లో వదిలించి, చుట్టి, పాత పేపరులో గట్టిగా కట్టి, పేపరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. వాటిని విడి సంచిలో ఉంచి ట్రాక్టరు వచ్చినప్పుడు ఆ సంచిని చేతికే ఇచ్చి ఇవి ఫలానావని చెప్పండి. చెత్తను చేతులతో ఏరే మనుషులు ఉన్నారన్న ఎరుకతో చేయాల్సిన పని ఇది. గుర్తు లేని మూటను విప్పి చూడాల్సిన కర్మ వాళ్లకు పట్టకూడదు.

సూదుల విషయంలో ఇంకా కచ్చితంగా ఉండండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలోనో, మూత ఉన్న టిన్నులోనో వేస్తూ, ముప్పావు వంతు నిండగానే మూతకు టేపు చుట్టండి. ఈ డబ్బాను ట్రాక్టరుకు ఇవ్వవద్దు. మీ అత్తగారు చూపించుకునే ఆసుపత్రివారిని గానీ, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంవారిని గానీ అడిగి, వారి జీవవైద్య వ్యర్థాలతో కలిపి పంపమని కోరండి. ఆసుపత్రుల దగ్గరి నుంచి వాటిని విడిగా తీసుకెళ్లే ఏర్పాటు ఉంటుంది. కొందరు ఒప్పుకోరు, అప్పుడు ఇంకొకరిని అడగాలి తప్ప ఇంటి చెత్తలో వేయకూడదు. పాడైన బల్బులు, బ్యాటరీలు, గడువు దాటిన మందులు మరో డబ్బాలో దాచండి. ఇలాంటి వాటి కోసం పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని 2016 నిబంధనల్లో ఉండేది. మీ అవతలి వరుసలోని వార్డు సచివాలయంలో అది ఎక్కడుందో అడిగితే, పరిధి కాదన్న మాట లేకుండా అక్కడ ఇచ్చి రావచ్చునని నా అనుభవం.

ఇక ట్రాక్టరు సంగతి. ముందుగా పంచాయతీ కార్యదర్శిని కలవండి. నోటిమాటగా కాక, మీ వరుసలోని ఇళ్లవాళ్లందరి సంతకాలతో ఒక అర్జీ ఇవ్వండి. అందులో రోజూ రమ్మని అడగకండి, అడిగితే సిబ్బంది లేరన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. బండి వచ్చే రోజుల్లోనే ఫలానా రోజులు పొడి చెత్తకు, ఫలానా రోజులు తడి చెత్తకు అని కేటాయించమనండి. బండి ఒకటే ఉన్నా రోజులు వేరు చేస్తే చెత్త కలవదు, పంచాయతీకి పైసా అదనపు ఖర్చు ఉండదు. కార్యదర్శి నుంచి కదలిక లేకపోతే జిల్లా పంచాయతీ అధికారికి రాయవచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవచ్చు. మరో అవకాశం కూడా ఉంది. 2025 జనవరి 18న మైదుకూరులో మొదలైన స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ప్రతి నెలా మూడో శనివారం జరుగుతుంది. ఆ రోజు అధికారులు ఫొటోల కోసమైనా వీధుల్లోకి వస్తారు, మీ అర్జీ నకలు అప్పుడు వాళ్ల చేతిలో పెట్టండి.

మీ పంచాయతీ సర్పంచిగారికి ఇంకొక మాట కూడా చేరవేయండి. పక్కపక్క స్థానిక సంస్థలు కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పెట్టుకోవడానికి నిబంధనల్లోనే వీలుంది. గ్రామసభలో తీర్మానం చేసి, కనీసం పొడి చెత్తను కార్పొరేషన్ కేంద్రానికి చేర్చే ఒప్పందం గురించి కమిషనరుకు లేఖ రాయమనండి. సంతకాలు సేకరించేటప్పుడు అవతలి వరుస వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి, మీ వైపు ఖాళీ స్థలంలో లేచే పొగ వాళ్ల ఇళ్లలోకే పోతోంది కాబట్టి వాళ్లు కాదనరు.